రేవులో అడిగి దిగాలి

పడవాయన గడను మొదట మెట్టు పక్కనే దింపాడు. మోకాలి లోతు. ఒక అడుగు అవతల దింపితే నడుం దాకా తడి చూపించింది. ఇంకో రెండడుగులు అవతల దింపేసరికి చేతిలో గుప్పెడు మిగిలి, గడంతా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నేల తగల్లేదు. దాన్ని పైకి లాగి మా మేనల్లుడి వైపు తిరిగి, "సూశారా బాబూ, మీరిందాక దిగుతానన్నది అక్కడేనండి. గొయ్యండి అది" అన్నాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని సిద్ధంగా నిలబడ్డ పిల్లాడు మాట్లాడకుండా ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు. వాడికి పదిహేడేళ్ళు. నాలుగేళ్ళుగా హైదరాబాదులో ఈతకొలనుకు వెళ్తున్నాడు. నీళ్ళంటే భయం లేదు.

అది 2025 నవంబరు 10, కార్తీకంలో మూడో సోమవారం. కోటిపల్లి రేవు. తెల్లవారడానికి ఇంకా అరగంట ఉంది.

అమ్మ, నేను, మేనల్లుడు ముందురోజు మధ్యాహ్నం రామచంద్రపురంలో దిగాం. అమ్మ పుట్టిల్లు ఈ వైపే. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చేసింది. తాతయ్య పోయాక ఊళ్ళో ఇల్లు కూడా లేదు. 2003 పుష్కరాలకు ఒకసారి వచ్చింది, మళ్ళీ ఇదే రావడం. "మోకాళ్ళు పనిచేస్తున్నప్పుడే కోటిపల్లిలో మునిగి, ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి చూసొస్తాను" అని దసరా నాటి నుంచీ అంటూనే ఉంది. ఈలోగా అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నవంబరు ఒకటిన, ఏకాదశి నాడు, కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది పోయారు. టీవీలో అది చూసి తమ్ముడు ఫోన్ చేశాడు, "ఈ ఏడు వద్దులే అక్కా" అని. అమ్మ ఒప్పుకోలేదు. వెళ్ళక తప్పదు కనక ఎలా వెళ్ళాలో ఆలోచించుకుని బయల్దేరాం.

హైదరాబాదులో మా ఇంటికి వచ్చే చుట్టాలకు నేను చెప్పే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. చార్మినార్ దగ్గర, లాడ్ బజార్లో బ్యాగు భుజం వెనక్కి వేసుకోకండి. ఎంజీబీఎస్‌లో దిగాక "నేను తీసుకెళ్తా రండి" అని చేయి పట్టుకునేవాళ్ళ వెంట వెళ్ళకండి. గది బుక్ చేస్తామని ఎవరైనా ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి, డబ్బు పోతే వెంటనే 1930కి చెయ్యండి. ఇవన్నీ అవసరమే. ఇవన్నీ మనుషుల నుంచి మనల్ని కాపాడుకునే జాగ్రత్తలు. రామచంద్రపురంలో దిగాక మొదటి రెండు గంటలూ నేను ఆ పద్ధతిలోనే ఉన్నాను. ఆటో అబ్బాయి బస్టాండు నుంచి లాడ్జికి ఎంతన్నాడో అంతే తీసుకున్నాడు. అమ్మ దిగుతుంటే చెయ్యి అందించాడు. సీట్లో మరిచిపోయిన కూజా పట్టుకుని మళ్ళీ వెనక్కి వచ్చి ఇచ్చాడు. సాయంత్రం రాజావారి కోట వైపు నడుచుకుంటూ వెళ్ళి వస్తుంటే, టిఫిన్ బండి ఆమె అమ్మ మాట యాస పట్టి "మీదీ ఇక్కడేనా అమ్మగారూ?" అని అడిగి, డబ్బులు వద్దంటూ ఇంకో పెసరట్టు వేసింది. బ్యాగును కడుపుకి హత్తుకుని కూచోవడం నాకే ఇబ్బందనిపించింది. పక్కన పెట్టాను.

ఈ ప్రాంతంలో ప్రయాణికుడికి ప్రమాదం నీళ్ళతో, తొందరతో, జనంతో. వాటి నుంచి తప్పుకోవాలంటే మళ్ళీ ఇక్కడి మనుషులే దారి.

ఆ మాట మొదట గట్టిగా తెలిసింది లాడ్జిలోనే. తెల్లారగట్ట కోటిపల్లి వెళ్ళాలి, కారు మాట్లాడిపెట్టండి అంటే కౌంటర్లో పెద్దాయన కళ్ళజోడు తీసి "నాలుగింటికి కారెందుకండీ? కాలవ రోడ్డండి. మంచు పడతాది. ఇక్కడోళ్ళ ఆటో పంపిస్తాను, నెమ్మదిగా తీసుకెళ్తాడు" అన్నారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ డెల్టా అంతా కాలువలే. దారులన్నీ కాలువగట్ల మీదే పుట్టాయి. సగం దూరం ఒక పక్క చేను, ఒక పక్క నీళ్ళు. చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. మలుపు ఎక్కడ తిరుగుతుందో ఇక్కడి డ్రైవరుకి ఒంటికే తెలుసు, బయటినుంచి వచ్చినవాడికి హెడ్‌లైటు వెలుగులో పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. తుఫాను వెళ్ళి పన్నెండు రోజులే అయింది. ఒరిగిన కొబ్బరిచెట్లు నరికి రోడ్డు వారన కుప్ప వేశారు. చేలల్లో పడిపోయిన వరిని నలుగురైదుగురు లేపి కట్టలు కట్టుకుంటున్నారు.

పంచారామాలన్నీ ఒక్క సోమవారంలోనే చూడాలని వచ్చేవాళ్ళకి ఇది మరీ చెప్పాలి. అమరావతిలో మొదలుపెట్టి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అన్నీ సూర్యాస్తమయం లోపు అని పరుగు. ఆదివారం రాత్రంతా ప్రయాణం. వెనక సీట్లో వాళ్ళు నిద్రపోతారు, ముందు కూచున్నవాడు మాత్రం పోకూడదు. ద్రాక్షారామంలో ఒక వ్యాను పక్కన చూశాను, డ్రైవరు సీటు వెనక్కి వాల్చి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఇంటి పెద్దావిడ అద్దం కొట్టి లేపుతోంది, "సామర్లకోట గుడి మూసేస్తారు బాబూ" అని. నేను ఆమెతో, "ఒక గంట పడుకోనివ్వండి పిన్నిగారూ, రేపు పొద్దున్నయినా దేవుడు అక్కడే ఉంటాడు" అన్నాను. ఆమె ఒక్క క్షణం నావైపు చూసి, అద్దం మీంచి చెయ్యి తీసేసింది. పక్కనే నీడలో చాప పరుచుకున్నారు.

కారు కాలువలో పడితే ఏం చెయ్యాలో కూడా తెలిసుండాలి. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. బెల్టు విప్పుకోవాలి, కారు తేలుతున్న మొదటి క్షణాల్లోనే పక్క అద్దం దింపాలి. దిగకపోతే సీటు పైన తల ఆనించే దిండు ఊడదీసి, దాని ఇనుప ఊచతో పక్క అద్దం మూల మీద కొట్టాలి. ముందు అద్దం జోలికి పోకూడదు, అది పగలదు. పిల్లల్ని ముందు బయటికి తొయ్యాలి. దిండు ఎలా ఊడుతుందో ఇంటి దగ్గరే ఒకసారి తీసి చూసుకుంటే అప్పటికి చేతికి తెలుస్తుంది.

ఇక రేవు. మేం చేరేసరికి ఆడవాళ్ళు అప్పటికే బారులు తీరి ఉన్నారు. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలోకి వదులుతున్నారు. అవి కొంతదూరం వరసగా వెళ్ళి, ఒకచోట చటుక్కున పక్కకు తిరుగుతున్నాయి. నది మధ్యలో రైలు వంతెన కోసం కట్టిన స్తంభాలు చీకట్లో నల్లగా నిలబడి ఉన్నాయి. అమ్మ ఆ దీపాల్నే చూస్తూ, "నేనిక్కడే ఈత నేర్చుకున్నాను. మా నాన్న నడుముకి తాడు కట్టి దింపేవారు. అక్కణ్ణుంచి ఆ చింతచెట్టు దాకా ఇసకే, నడిచి వెళ్ళొచ్చు" అంది. ఆ మాట విని పిల్లాడు ప్యాంటు మడిచాడు. అమ్మ కూడా వద్దనలేదు. తనకు తెలిసిన రేవు కదా.

అప్పుడే ఆ పడవాయన కేకేశాడు. అరవై దాటి ఉంటాయి. ఒడ్డున కట్టేసిన చిన్న పడవలోంచి లేచి గడ పట్టుకుని వచ్చాడు. గొయ్యి చూపించాక అమ్మతో, "తమరు చెప్పింది నిజమేనండి అమ్మగారు. మా అయ్య కాలంలో అక్కడ ఇసక తిన్నెండి. గోదారి ఏడాదికోసారి మంచం మార్చుకుంటాదండి. వరదొచ్చి ఒకచోట తవ్వుతాది, ఒకచోట మేట ఏత్తాది. నేను పొద్దున్న లేవగానే గడేసి సూసుకుంటానండి, నిన్నున్న లోతు ఇయ్యాల ఉంటాదని నమ్మకం లేదండి" అన్నాడు.

నాకు ఆ రేవులో అన్నిటికన్నా గుచ్చుకున్న మాట అది. మా ముగ్గురిలో ఈ నదిని ఎరిగిన మనిషి అమ్మ ఒక్కతే. ఆమె ఎరిగిన నది యాభై ఏళ్ళ కిందటిది. పుట్టిన ఊరని, చిన్నప్పుడు మునిగిన రేవని ధైర్యంగా దిగేవాళ్ళే ఎక్కువమంది. ఇసక తవ్విన గోతులు పైకి కనపడవు. పైన నీళ్ళు నిలకడగా, అద్దంలా ఉంటాయి. వంతెన స్తంభాల మొదట్లో నీళ్ళు గుండ్రంగా తిరిగి నేలను తొలిచేస్తాయి. ఎండాకాలంలో సముద్రపు పోటు ఇక్కడిదాకా తెలుస్తుందని ఆయనే చెప్పాడు. పొద్దున్న నడుములోతు ఉన్నచోట మధ్యాహ్నానికి ఛాతీ దాటుతుంది. ఇక వానాకాలంలో అయితే బయల్దేరే ముందే ధవళేశ్వరం దగ్గర నీళ్ళెంతున్నాయో వార్తల్లో చూసుకోవాలి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదంటే పది లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వెళ్తున్నట్టు. అలాంటి రోజున రేవు దగ్గరికి ఫొటోలకు కూడా పోకూడదు.

ఆ సంవత్సరమే మే నెలాఖరులో, ఇక్కడికి దగ్గర్లోనే, శుభకార్యానికి వచ్చిన కుర్రాళ్ళు కమినిలంక వైపు గౌతమీ గోదావరిలో స్నానానికి దిగారు. ఎనిమిది మంది తిరిగి రాలేదు. ఒకడు మునిగితే ఒకడు పట్టుకోబోయి వరసగా లోపలికి వెళ్ళిపోయారు. ఆ సంగతి పడవాయన చెప్తుంటే మేనల్లుడు తలొంచుకుని విన్నాడు. "మరి ఎవరైనా మునుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా తాతా?" అని అడిగాడు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చూపించాడు. "చెయ్యి ఇవ్వకూడదండి బాబూ. చెయ్యిస్తే నిన్ను కూడా లాగేత్తాడు. తువ్వాలు, చీర, గడ, ఏదుంటే అది ఇసరాలి. ముందు కేకెయ్యాలి. మేం ఉంటామండి." ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మూత బిగించి విసిరినా మనిషి దాన్ని పట్టుకుని తేలతాడని కూడా చెప్పాడు. తర్వాత లాడ్జికి వచ్చాక మేనల్లుడు మా రెండు లీటర్ల నీళ్ళ సీసా ఖాళీ చేసి, మూత బిగించి, బకెట్లో ముంచి ముంచి చూశాడు.

అమ్మ చివరికి ఆయన చూపించిన చోట, రెండో మెట్టు మీద కూచుని స్నానం చేసింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు. మెట్ల మీద పాచి ఎంతుందంటే, వట్టి కాలితో నిలబడ్డా జారుతుంది. చీకట్లో అది కనపడదు. తెల్లవారేదాకా ఆగితే పుణ్యం తగ్గుతుందని నేననుకోను, అమ్మ అనుకుంటుంది. అందుకని టార్చి వెలుగు మెట్టు మీదే ఉంచాను. దీపం వెలిగించేటప్పుడు పక్కన ఒక కొత్త కోడలు వంగింది, పాలిస్టరు చీర కొంగు జారి వత్తుల పక్కకు వచ్చింది. వెనక నిలబడ్డ ముసలామె "కొంగు బొడ్లో దోపుకోవే తల్లీ" అని తనే దోపేసింది. కార్తీకంలో దీపాలు పెట్టబోయే ఆడపిల్లలకు నేను చెప్పేది ఒకటే, ఆ పూటకి నూలు చీర కట్టుకోండి, చున్నీ ముడి వేసుకోండి. మూడువందల అరవైఅయిదు వత్తులు ఒక్కసారి అంటుకుంటే మంట మోచేతి ఎత్తు లేస్తుంది.

ద్రాక్షారామం చేరేసరికి తొమ్మిదిన్నర. చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే గుడి. శ్రీనాథుడు భీమఖండం రాసింది ఈ స్వామి మీదే. గర్భాలయం రెండంతస్తులు. లింగం ఎత్తుగా ఉంటుంది, కింద నిలబడితే మొదలు, పై అంతస్తుకి ఎక్కితే పైభాగం కనిపిస్తుంది. పైకి వెళ్ళే రాతిమెట్లు ఇరుకు. వెయ్యేళ్ళ పాదాలకు అరిగి నున్నబడ్డాయి. తడి బట్టలతో వచ్చేవాళ్ళ నీళ్ళు వాటి మీదే కారతాయి. మేం వరసలో ఉండగా వెనక నుంచి ఎవరో "హారతి హారతి" అన్నారు. జనం ఒక్కసారిగా జరిగారు. అమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. అంతే. మళ్ళీ చూసేసరికి ఆమె జాకెట్టు రంగు కూడా కనిపించలేదు.

ఆ తర్వాతి నలభై నిమిషాలు నా ఒంట్లో ప్రాణం లేదు. 2015 జులై 14 గుర్తుకొచ్చింది. గోదావరి పుష్కరాల మొదటిరోజు, రాజమండ్రి పుష్కరఘాట్. ఒకే ముహూర్తానికి, ఒకే ఘాట్‌లో మునగాలని అంతమంది చేరి, ఎదురుచూసి చూసి ఒక్కసారి కదిలారు. ఇరవై ఏడు మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ రోజుకి మేమూ వెళ్ళాలనుకున్నాం. రైలు టికెట్లు దొరకలేదు, వెళ్ళలేదు. పుష్కరం పన్నెండు రోజులు. గోదావరి ఒడ్డున రేవులు లెక్కలేనన్ని. కోటిపల్లిలో, ముక్తేశ్వరంలో, కొవ్వూరులో ప్రవహించేది అదే నీరు. 2027లో పుష్కరాలు మళ్ళీ వస్తున్నాయి. ముసలివాళ్ళని, పసిపిల్లల్ని మొదటిరోజు పెద్ద ఘాట్‌కి తీసుకెళ్ళకండని ఇప్పట్నుంచే అందరికీ చెప్తున్నాను. అయిదోరోజో ఏడోరోజో, చిన్న రేవుకి, ఎండ ఎక్కాక వెళ్ళండి.

గుంపు కదిలేటప్పుడు దానికి ఎదురు తిరగకూడదు. పడిపోయిన చెప్పుకోసం, పూలబుట్టకోసం వంగకూడదు. చేతులు రెండూ ఛాతీ ముందు అడ్డం పెట్టుకుని, ఊపిరికి చోటు ఉంచుకుని, వాళ్ళతో పాటే నడుస్తూ ఏటవాలుగా గోడ వైపో స్తంభం వైపో తప్పుకోవాలి. నేను అలాగే పక్కకొచ్చాను. మేనల్లుడు అప్పటికే మండపం అరుగు ఎక్కి చూస్తున్నాడు. ముందురోజు రాత్రి లాడ్జిలో, అమ్మ ఫోను వాడదు కాబట్టి, ఒక చీటీ మీద నా నంబరు, తమ్ముడి నంబరు, లాడ్జి పేరు రాసి ఆమె కొంగున ముడేశాను. ఆ చీటీ చూపిస్తే ఎవరైనా ఫోన్ చేస్తారు కదా అని పదేపదే ఫోను చూసుకున్నాను. మోగలేదు.

అమ్మ దొరికింది చెప్పుల స్టాండు దగ్గర. బల్ల మీద కూచుని మజ్జిగ తాగుతోంది. గుడిలోకి వెళ్ళే ముందు "తప్పిపోతే ఎక్కడ కలుద్దాం?" అని మేనల్లుడు అడిగితే, "ఎక్కడ తిరిగినా చివరికి చెప్పులకోసం రావాల్సిందేగా" అని అమ్మే అంది. ధ్వజస్తంభం దగ్గర, గోపురం దగ్గర అని చెప్పుకున్న కుటుంబాలు అక్కడికి చేరే దారి లేక తిరుగుతూనే ఉన్నాయి. జనం రద్దీకి బయట ఉన్న చోటు చెప్పుకోవాలి. స్టాండు నడిపేవాడు ఆమెకు బల్ల వేశాడు, ఎదుటి హోటలువాడు మజ్జిగ పంపించాడు. "మీ నంబరు చదవలేకపోయామండి" అన్నాడు స్టాండు కుర్రాడు. "లేకపోతే అప్పుడే చేసేవోళ్ళం."

మంగళవారం పొద్దున్న నది దాటించే పంటు మీద ముక్తేశ్వరం వెళ్ళాం. మోటారు సైకిళ్ళు, రెండు కార్లు, కొబ్బరికాయల గోతాలు, పాలక్యాన్లు, మనుషులు, అన్నీ ఎక్కుతాయి. వరదొస్తే పంటు ఆపేస్తారు. ఆపారంటే పక్క ఊళ్ళో ఎవరో చిన్న పడవ వేస్తున్నాడని వెతుక్కుంటూ పోకూడదు. యానాం మీదుగా ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఉంది, అటు రావులపాలెం దారీ ఉంది. గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది, అంతే కదా. పంటు కదిలేముందు నేను లైఫ్‌జాకెట్ అడిగి తీసుకున్నాను. కొందరు వింతగా చూశారు, పావుగంట దూరానికి ఇదెందుకని. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి వరద మీద ఉంది. డెబ్బై మందికి పైగా ఎక్కితే ఇరవై ఆరుగురే బయటపడ్డారు. ఒడ్డున ఉన్న తూటుగుంట ఊరివాళ్ళు పడవలు వేసుకుని వచ్చి వాళ్ళను పట్టుకున్నారు. మునిగిన బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం నది అడుగునుంచి పైకి లాగేసరికి అక్టోబరు 22 అయింది. ఉక్కగా ఉందనో, ఫొటోలో బాగుండదనో విప్పి పక్కన పెట్టిన జాకెట్టు నీళ్ళలో పడ్డాక తొడుక్కోవడం ఎవరివల్లా కాదు. అమ్మకు నేను తొడిగాను. మేనల్లుడు తనే తొడుక్కుని, బెల్టు కింద కాళ్ళ మధ్యనుంచి తెచ్చి బిగించాడు. అలా బిగించకపోతే నీళ్ళలో జాకెట్టు తలమీదికి లేచిపోతుంది. కారు అద్దాలు మూసి లోపలే కూచున్నవాళ్ళను పంటు కుర్రాడు కిందికి దింపాడు, "నడిమధ్యకొచ్చేసరికి బైటుండాలండీ, ఆయ్" అంటూ.

నదిమధ్యకు వచ్చాక అమ్మ కమ్మీ పట్టుకుని అటూ ఇటూ చూసింది. చింతచెట్టు కోసం. ఒడ్డు పొడుగునా గుర్రపుడెక్క పేరుకుని ఉంది, దాని వెనక కొత్తగా పడిన లంక, దాని మీద రెల్లు. "ఎటు ఉండేదో ఏంటో" అంది. తర్వాత కొంగు ముడి విప్పింది. చీటీ బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది. నిన్న రేవులో మునిగినప్పుడు తడిసి, ఆరి, ముడతలు పడింది. బాల్‌పెన్ దొరక్క జెల్‌పెన్‌తో రాశాను. అంకెలన్నీ కలిసిపోయి నీలం మరక అయింది.

"మళ్ళీ రాసివ్వు" అంది. "ఈసారి పెన్సిల్‌తో రాయి."